తక్కువ బడ్జెట్‌లో మౌంటెన్ బైక్: మార్చలేని భాగాల మీదే ముందు ఖర్చు పెట్టాలి

మౌంటెన్ బైక్ ప్రకటనల్లో పెద్దక్షరాలతో కనిపించేవి మూడు: 21 గేర్లు, ముందూ వెనకా సస్పెన్షన్, రెండు చక్రాలకీ డిస్క్ బ్రేకులు. తక్కువ బడ్జెట్‌లో కొనేవాళ్లు కూడా ఎక్కువగా ఈ మూడింటినే పోల్చి చూసుకుంటారు. కొన్న రెండేళ్ల తర్వాత ఆ సైకిల్‌ను ఇంకా ఇష్టంగా తొక్కుతున్నారా, మూలన పడేశారా అన్నది మాత్రం వేరే విషయాల మీద ఆధారపడుతుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ దూరే గొట్టం ఎంత వెడల్పు, ఇరుసు ఏ రకం, వెనక హబ్ (చక్రం మధ్యలో ఇరుసు దూరే భాగం) ఎలాంటిది, ఫ్రేమ్ కొలతలు తొక్కే మనిషికి సరిపోయాయా అన్నవి ముఖ్యం. ప్రకటనలో ఇవి అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. కొన్నిసార్లు అసలు ఉండవు.

సైకిల్‌లో కొన్ని భాగాలు అరిగిపోతాయి, ఎలాగూ మార్చాల్సిందే: టైర్లు, చైన్, బ్రేక్ ప్యాడ్లు. కొన్నిటిని చేతిలో డబ్బు ఉన్నప్పుడు మెల్లగా మార్చుకోవచ్చు: గేర్లు, హ్యాండిల్, సీటు, పెడల్స్. ఫ్రేమ్‌ను మాత్రం మార్చలేం. దానికి ఏ సైజు ఫోర్క్ పడుతుంది, ఏ చక్రం ఎక్కుతుంది అన్నది కూడా కొన్న రోజే ఖాయమైపోతుంది. డబ్బు తక్కువ ఉన్నప్పుడు మొదటి రోజే అన్నీ మంచివి రావు కాబట్టి, మార్చలేని చోట గట్టిగా ఉండి, మార్చుకోగలిగిన చోట సర్దుకుపోవడం తెలివైన పని. బ్రేకులొక్కటే ఈ లెక్కలోకి రావు. వాటిని తర్వాత మార్చుకోవచ్చు గానీ, ఆ లోపు ప్రాణం వాటి మీదే ఉంటుంది.

ముందు దారి సంగతి

అన్ని దారుల్లోనూ ఒకేలా నడిచే సైకిల్ లేదు. రోజూ ఆఫీసుకో కాలేజీకో వెళ్లడానికి, సెలవు రోజున మట్టిదారుల్లో తిరగడానికి, అప్పుడప్పుడూ రాళ్లూ చెట్టు వేళ్లూ ఉన్న గుట్ట దిగడానికి పనికొస్తే చాలు, దాన్ని అన్నిటికీ పనికొచ్చేదనే అనుకోవచ్చు. ఎత్తు నుంచి దూకడాలు, బైక్ పార్కుల్లో విన్యాసాలు దీని పరిధిలోకి రావు. వాటికి వేరే బళ్లున్నాయి, వాటి ఖరీదూ వేరు.

సైకిల్ ఏ దారికి తయారైందో తెలుసుకోవడానికి ఒక కొలబద్ద ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం తన ఎఫ్2043 ప్రమాణంలో సైకిళ్లను వాడకాన్ని బట్టి తరగతులుగా విడదీసింది. 1వ తరగతి చదునైన రోడ్డుకి. 2వది కంకర, మట్టిదారులకి. చక్రం నేల వదిలి కిందికి పడే ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. 3వది గతుకుల అడవి దారులకి, 61 సెంటీమీటర్ల వరకు. 4వ తరగతిలో ఈ ఎత్తు 122 సెంటీమీటర్లకు వెళుతుంది. పేరున్న కంపెనీలు చాలావరకు తమ మాన్యువల్‌లోనో ఫ్రేమ్ మీది స్టిక్కర్‌పైనో ఈ తరగతిని రాస్తాయి. లావు టైర్లు, ముందు షాకులు, రంగురంగుల ఫ్రేమ్ ఉన్నా 2వ తరగతి దాటని సైకిళ్లు మార్కెట్లో బోలెడున్నాయి. కొన్నిటి మీదైతే రోడ్డు దిగి తొక్కవద్దని కంపెనీయే హెచ్చరిక అంటిస్తుంది. అన్నిటికీ ఒకే బండి కావాలనుకునేవారు 3వ తరగతికి తగ్గకూడదు. అది రోడ్డు మీద 2వ తరగతి పని ఎలాగూ చేస్తుంది. 2వ తరగతి బండిని గుట్ట మీదికి తీసుకెళ్లడం మాత్రం ప్రమాదం.

వెనక సస్పెన్షన్ వద్దు

ఇక్కడ నసుగుడు అక్కర్లేదు. తక్కువ ధరలో ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న కొత్త సైకిల్ కనిపిస్తే దాన్ని వదిలేయడమే మంచిది.

వెనక సస్పెన్షన్ సరిగ్గా పనిచేయాలంటే ఫ్రేమ్‌లో కీళ్లు ఉండాలి, వాటిలో మంచి బేరింగులు ఉండాలి. షాక్ లోపల స్ప్రింగ్‌తో పాటు దాని వేగాన్ని అదుపు చేసే డ్యాంపింగ్ ఉండాలి. ఫ్రేమ్ వెనక భాగం పక్కకి ఊగకుండా గట్టిగా ఉండాలి. ఇవన్నీ ఖర్చుతో కూడినవి. చౌక బండిలో కీళ్ల దగ్గర ప్లాస్టిక్ బుష్‌లు వేస్తారు, షాక్ పేరుతో వట్టి స్ప్రింగ్ పెడతారు. పెడల్ నొక్కిన ప్రతిసారీ ఆ స్ప్రింగ్ కుంగుతుంది కాబట్టి, ముందుకు తోయాల్సిన బలంలో కొంత కిందికే పోతుంది. ఎక్కుడు దారిలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. కొన్ని నెలలకు బుష్‌లు అరిగి వెనక చక్రం అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. పైగా బరువు. ఇలాంటి బళ్లు 16 కిలోలు దాటడం మామూలే. అదే డబ్బుతో ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న బండి తీసుకుంటే వెనక షాక్‌కీ కీళ్లకీ పోయే ఖర్చు మంచి ఫోర్క్, మంచి బ్రేకుల రూపంలో తిరిగి వస్తుంది. ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న ఇలాంటి బండినే సైకిల్ తొక్కేవాళ్లు హార్డ్‌టెయిల్ అంటారు.

హార్డ్‌టెయిల్‌కు వెనక క్యారియర్ బిగించుకోవచ్చు, మడ్‌గార్డులు పెట్టుకోవచ్చు, కడగడం సులువు, చెడిపోయే భాగాలు తక్కువ. రోజూ వాడే బండికి ఇవి చిన్న విషయాలు కావు. నిజమే, రాళ్ల దిగుడులో వెనక చక్రం ఎగిరెగిరి పడుతుంది. సీటు మీంచి లేచి మోకాళ్లు వంచి తొక్కడం నేర్చుకోవాలి. ఆ నేర్పు ఎప్పటికైనా పనికొచ్చేదే.

సస్పెన్షన్ లేనిదే మౌంటెన్ బైకింగ్ లేదనుకునేవారికి చరిత్ర వేరే మాట చెబుతుంది. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మరిన్ కౌంటీ కొండల మీద కొంతమంది కుర్రాళ్లు 1930లు, 40ల నాటి లావు టైర్ల పాత ష్విన్ సైకిళ్లతో కొండ దిగే పందేలు పెట్టుకున్నారు. ఆ సైకిళ్లకి వెనక హబ్‌లో ఉండే బ్రేకు ఒక్కటే ఆధారం. ఒక్క దిగుడుకే హబ్ వేడెక్కి లోపలి గ్రీజు కాలిపోయేది. మళ్లీ కొత్త గ్రీజు నింపుకుంటే తప్ప ఇంకోసారి దిగలేకపోయేవారు. వాళ్లు ముందు మార్చుకున్నది బ్రేకులు, ఆ తర్వాత గేర్లు. 1977లో వాళ్లలో ఒకడైన జో బ్రీజ్ ఈ పనికోసమే ప్రత్యేకంగా ఫ్రేములు తయారుచేశాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌తో మౌంటెన్ బైకును పెద్ద సంఖ్యలో మార్కెట్లోకి తెచ్చింది. సస్పెన్షన్ ఫోర్కులు చేసే రాక్‌షాక్స్ వాళ్ల మొదటి ఫోర్క్ ఆర్ఎస్-1 వచ్చేసరికి 1980లు ముగిసిపోతున్నాయి. అంటే పదేళ్లకు పైగా ఈ ఆట సస్పెన్షన్ లేకుండానే సాగింది. ఫ్రేమ్, టైర్లు, బ్రేకులు, గేర్లు బాగుండడమే దానికి చాలింది. తక్కువ డబ్బుతో కొనేటప్పుడు ఆ వరుసే ఇప్పటికీ పనికొస్తుంది.

ఫ్రేమ్‌లో ఏం చూడాలి

మొట్టమొదట చూడాల్సింది హెడ్ ట్యూబ్, అంటే ఫోర్క్ గొట్టం దూరే ముందు భాగం. పాతకాలపు ఫోర్క్ గొట్టం పైనుంచి కింది దాకా ఒకే లావు, 1⅛ అంగుళాలు. ఇప్పటి మంచి ఫోర్కుల గొట్టం పైన 1⅛ అంగుళాలుండి కిందికి వచ్చేసరికి 1½ అంగుళాలవుతుంది. దీన్ని టేపర్డ్ అంటారు. ఫ్రేమ్ హెడ్ ట్యూబ్ టేపర్డ్ ఫోర్కును తీసుకోగలిగితే, ఇవాళ దాంట్లో మామూలు ఫోర్క్ ఉన్నా రేపు మంచిది వేసుకోవచ్చు. హెడ్ ట్యూబ్ 44 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంతో తిన్నగా ఉన్నా ఫర్వాలేదు, కింద బయటి కప్పు బిగించి టేపర్డ్ ఫోర్క్ ఎక్కించవచ్చు. 34 మిల్లీమీటర్ల సన్న గొట్టమైతే ఆ దారి మూసుకుపోయినట్లే. కొత్త ఫోర్కుల్లో దానికి సరిపోయేవి నానాటికీ తగ్గిపోతున్నాయి.

తర్వాత ఇరుసు. పాత పద్ధతిలో చక్రం 9 మిల్లీమీటర్ల సన్న ఇరుసుతో, క్విక్ రిలీజ్ అనే మీటతో ఫోర్కుకు బిగుస్తుంది. కొత్త పద్ధతిలో ముందు 15, వెనక 12 మిల్లీమీటర్ల లావు ఇరుసు హబ్ మధ్యలోంచి పూర్తిగా దూరి ఫ్రేమ్‌లోకి స్క్రూలా బిగుస్తుంది. ఇది థ్రూ యాక్సిల్. మలుపుల్లో చక్రం వంగదు, డిస్క్ బ్రేక్ ప్రతిసారీ సరిగ్గా ఒకేచోట కూర్చుంటుంది. బూస్ట్ అనే కొలత ప్రకారం ముందు హబ్ వెడల్పు 110, వెనకది 148 మిల్లీమీటర్లు. వెనక కూడా థ్రూ యాక్సిల్ ఉన్న ఫ్రేమ్ బడ్జెట్లో దొరికితే అది పెద్ద లాభం, ఎందుకంటే రేపు చక్రాలు మార్చాలన్నా, ఇంకొకరి దగ్గర మంచి చక్రాలు కొనాలన్నా ఎంపిక ఎక్కువ ఉంటుంది. దొరక్కపోతే కనీసం ముందైనా ఉండేలా చూసుకోవాలి.

ఇక జ్యామితి. ముందు గొట్టం నేలతో చేసే కోణాన్ని హెడ్ యాంగిల్ అంటారు. 1990లలో ఇది 71 డిగ్రీల దగ్గర ఉండేది. కోణం తగ్గేకొద్దీ ముందు చక్రం మనిషికి దూరంగా ముందుకు పోతుంది; నిటారు దిగుడులో బండి ముందుకు బోల్తా పడే భయం తగ్గుతుంది. అదే సమయంలో నెమ్మదిగా ఎక్కేటప్పుడు హ్యాండిల్ అటూ ఇటూ పోతూ ఉంటుంది, రోడ్డు మీద బండి కాస్త బద్ధకంగా తిరుగుతుంది. రోడ్డూ ట్రైలూ (అడవి, గుట్టల మట్టిదారి) రెండూ తొక్కేవారికి 66 నుంచి 68 డిగ్రీల మధ్య బాగుంటుంది. 64 అని గొప్పగా రాసిన బండిని రోజూ ఆఫీసుకు తొక్కడం సుఖంగా ఉండదు. హార్డ్‌టెయిల్ విషయంలో ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ముందు ఫోర్క్ కుంగినప్పుడు వెనక కుంగదు కాబట్టి కోణం నిటారవుతుంది. ఫోర్క్ పొడవులో 20 మిల్లీమీటర్ల తేడాకు దాదాపు ఒక డిగ్రీ మారుతుంది. 100 మిల్లీమీటర్ల ఫోర్కుకు తయారైన ఫ్రేమ్‌లో 140ది బిగిస్తే కోణం రెండు డిగ్రీలు పడిపోతుంది, పెడల్స్ పైకి లేస్తాయి, హెడ్ ట్యూబ్ మీద భారం పెరుగుతుంది. ఫ్రేమ్ తట్టుకునే హద్దు ఎంతో కంపెనీ చెబుతుంది, దాన్ని దాటకూడదు.

సైజు తప్పితే పైన చెప్పినవన్నీ వృథా. డిస్కౌంట్‌లో పెద్ద సైజు ఒక్కటే మిగిలిందని కొనడం, సీటు దించుకుంటే సరిపోతుందనుకోవడం చాలామంది చేసే పని. సీటు ఎత్తు మార్చుకోవచ్చు, నిలబడి తొక్కేటప్పుడు హ్యాండిల్‌కీ పెడల్‌కీ మధ్య ఉండే దూరం మాత్రం ఫ్రేమ్ నిర్ణయిస్తుంది. దాన్ని రీచ్ అంటారు. కంపెనీ పట్టికలో ఎత్తును బట్టి ఇచ్చిన సైజుతో మొదలుపెట్టి, రెండు సైజుల మధ్య ఊగిసలాట ఉంటే రీచ్ అంకెలు పోల్చి, కుదిరితే రెండూ తొక్కి చూడాలి. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెడితే, పెడల్ కింద ఉన్నప్పుడు కాలు తిన్నగా రావాలి. సీటు ఎత్తుకు ఇది సులువైన కొలత.

లోహం గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. ఈ ధరలో వచ్చేవి చాలావరకు 6061 రకం అల్యూమినియంవే, అవి సరిపోతాయి. క్రోమోలీ స్టీలు దొరికితే అదీ మంచిదే. వట్టి 'స్టీల్' అని మాత్రమే రాసి ఉంటే అది బరువైన మామూలు హై టెన్సైల్ స్టీలు అయ్యే అవకాశమే ఎక్కువ. వెనక క్యారియర్‌కీ మడ్‌గార్డులకీ బోల్టు రంధ్రాలున్నాయో లేదో ఒకసారి చూసుకోవాలి. ట్రైల్ మీద వాటి అవసరం రాదు, రోజువారీ వాడకంలో ప్రతి వారం వస్తుంది.

ఫోర్క్: స్ప్రింగా, గాలా

చౌక ఫోర్కుల్లో ఉక్కు స్ప్రింగ్ ఉంటుంది. సంటూర్ ఎక్స్‌సీటీ, ఎక్స్‌సీఎం ఈ రకంలో ఎక్కువగా కనిపించేవి. స్ప్రింగ్ ఒక బరువుకు సరిపడేలా చేసింది. 50 కిలోల మనిషికి అది కుంగనే కుంగదు, 95 కిలోల మనిషికి చిన్న గుంటలోనే అడుగు తాకేస్తుంది. పైన తిప్పే ప్రీలోడ్ బిళ్ల స్ప్రింగ్ గట్టిదనాన్ని మార్చదు, మొదటి కుంగుడును కాస్త సర్దుతుందంతే. ఎయిర్ ఫోర్కులో స్ప్రింగ్ పని గాలి చేస్తుంది. చిన్న పంపుతో గాలి పెంచి తగ్గించి ఎవరి బరువుకు తగ్గట్టు వాళ్లు అమర్చుకోవచ్చు. 120 మిల్లీమీటర్ల ఫోర్క్ అయితే మనిషి బండి మీద నిలబడినప్పుడు 20 నుంచి 25 మిల్లీమీటర్లు కుంగితే సరైన అమరిక. బరువు కూడా స్ప్రింగ్ ఫోర్క్ కంటే అర కిలో దాకా తగ్గుతుంది.

గాలి కంటే కూడా ముఖ్యమైనది రీబౌండ్ డ్యాంపింగ్. కుంగిన ఫోర్క్ ఎంత వేగంగా పైకి రావాలో అది చెబుతుంది. అది లేని ఫోర్క్ రాయి తగిలాక ఒక్కసారిగా పైకి తంతుంది; వరసగా నాలుగు రాళ్లు వస్తే చేతులు పట్టు తప్పుతాయి. ఫోర్క్ కాలి అడుగున తిప్పే చిన్న బిళ్ల, తరచూ ఎర్రది, ఉందంటే రీబౌండ్ ఉన్నట్టు. దుకాణంలోనే పరీక్షించవచ్చు. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్ మీద బరువంతా వేసి వదిలితే, మంచి ఫోర్క్ మెత్తగా తిరిగొస్తుంది, డ్యాంపింగ్ లేనిది టక్కున పైకి లేచి కొట్టుకుంటుంది. లోపలి గొట్టాల వ్యాసం 32 మిల్లీమీటర్లు అంతకంటే ఎక్కువ ఉంటే ఫోర్క్ మెలిపడదు. 28 ఉన్నది రోడ్డు వాడకానికే. పేర్లు చూసి మోసపోకూడదు. సంటూర్ ఎక్స్‌సీఆర్ లాంటివి ఒకే పేరుతో స్ప్రింగ్‌లోనూ గాలిలోనూ వస్తాయి కాబట్టి ఏది బిగించారో అడిగి తెలుసుకోవాలి.

100 నుంచి 120 మిల్లీమీటర్ల కుంగుడు ఈ వాడకానికి చాలు, కఠినమైన దారుల మీద ఇష్టమున్నవారు 130 దాకా వెళ్లొచ్చు. రోడ్డు కోసం, ఫోర్క్ కుంగకుండా బిగించే లాకౌట్ ఉంటే మేలు. ఎయిర్ ఫోర్క్ బడ్జెట్‌కు అస్సలు అందకపోతే, చెత్త స్ప్రింగ్ ఫోర్క్ కంటే సస్పెన్షన్ లేని గట్టి ఫోర్కూ లావు టైర్లూ ఉన్న బండి నయం. తేలిగ్గా ఉంటుంది, చెడిపోయేది ఏమీ ఉండదు. ఈ మాట దుకాణాల్లో చాలా అరుదుగా వినిపిస్తుంది.

గేర్ల సంఖ్య చూడొద్దు, నిష్పత్తి చూడాలి

21 గేర్లంటే ముందు 3 పళ్లచక్రాలు, వెనక 7. ఈ రకంలో మామూలుగా కనిపించే అమరిక తీసుకుందాం: ముందు 42, 34, 24 పళ్లు, వెనక 14 నుంచి 28 పళ్లు. అన్నిటికంటే తేలికైన గేరులో 24ని 28తో భాగిస్తే 0.86, అన్నిటికంటే బరువైన గేరులో 42ని 14తో భాగిస్తే 3. ఇప్పుడు ముందు ఒకటే 30 పళ్ల చక్రం, వెనక 11 నుంచి 46 దాకా 10 గేర్లున్న బండి చూద్దాం. తేలికైనది 0.65, బరువైనది 2.73. మొదటిదాని విస్తృతి 3.5 రెట్లు, రెండోది దాదాపు 4.2 రెట్లు. 10 గేర్లున్న బండి 21 గేర్లదాని కంటే ఎక్కువ పరిధినిస్తోంది. 21లో చాలా గేర్లు ఒకదాని మీద ఒకటి పడేవే.

తొక్కేటప్పుడు దీని అర్థం ఇది. 29 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.3 మీటర్లు వెళుతుంది. నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే 0.65 గేరులో గంటకు 5.4 కిలోమీటర్ల వేగం, 0.86 గేరులో 7 కిలోమీటర్లకు కాస్త పైన. నిటారు ఎక్కుడులో ఆ తేడాయే, సీటు మీద కూర్చుని ఎక్కడమా, దిగి తోసుకుంటూ నడవడమా అన్నది తేలుస్తుంది.

ఒకే ముందు చక్రమున్న అమరికను వన్ బై అంటారు. 2012లో స్రామ్ కంపెనీ తెచ్చిన 11 గేర్ల ఎక్స్ఎక్స్1తో అది ఊపందుకుంది, అప్పట్లో చాలా ఖరీదు. ఇప్పుడు షిమానో డియోర్, క్యూస్, మైక్రోషిఫ్ట్ అడ్వెంట్ లాంటి గేర్ సెట్ల పుణ్యమా అని తక్కువ ధరలోకీ దిగింది. చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే డిరైలర్ ముందు లేదు, దాని కేబుల్ లేదు, దాన్ని సరిచేసే గొడవ లేదు. పొడవు పొట్టి పళ్లు మార్చి మార్చి ఉండే ముందు చక్రం, వెనక డిరైలర్‌లో చైన్‌ను బిగువుగా ఉంచే క్లచ్ ఉంటే గతుకుల్లో చైన్ ఊడిపోదు. లోటు ఒకటుంది. 2.73 గేరులో నిమిషానికి 90 సార్లు తొక్కితే గంటకు 34 కిలోమీటర్లు, ఆపైన కాళ్లు ఖాళీగా తిరుగుతాయి. వాడకంలో సగానికి పైగా తారురోడ్డే అయితే ముందు 36, 22 పళ్లు, వెనక 11 నుంచి 36 ఉన్న 18 గేర్ల అమరికను పాతదని తోసేయకూడదు. 0.61 నుంచి 3.27 వరకు ఇస్తుంది, మూడింటిలోనూ దీని పరిధే ఎక్కువ.

గేర్ల కంటే లోతుగా చూడాల్సింది వెనక హబ్. చౌక 7 గేర్ల బళ్లలో పళ్లచక్రాల గుత్తి మొత్తం హబ్‌కు స్క్రూలా బిగుస్తుంది. దాన్ని ఫ్రీవీల్ అంటారు. అందులో కుడివైపు బేరింగ్ లోపలికి ఉండిపోయి, బేరింగ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య ఇరుసు చాలా దూరం ఆధారం లేకుండా ఉంటుంది. గతుకుల్లో ఇరుసు వంగేదీ విరిగేదీ అక్కడే. ఫ్రీహబ్ పద్ధతిలో బేరింగ్ అంచు దాకా జరుగుతుంది, ఇరుసు గట్టిగా నిలుస్తుంది. పైగా షిమానో హెచ్‌జీ రకం ఫ్రీహబ్ మీద 8, 9, 10 గేర్ల క్యాసెట్లు (ఫ్రీహబ్ మీదికి ఎక్కే పళ్లచక్రాల గుత్తులు) ఏవైనా ఎక్కుతాయి, 11 గేర్ల మౌంటెన్ బైక్ క్యాసెట్లూ ఎక్కుతాయి. 8 గేర్లతో కొన్న బండిని అవి అరిగాక 10 గేర్లకు మార్చుకోవచ్చు. దుకాణంలో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది ఫ్రీవీలా, క్యాసెట్టా?

బ్రేకులు, టైర్లు

డిస్క్ బ్రేక్ అని రాసినంత మాత్రాన మంచి బ్రేక్ కాదు. కేబుల్‌తో పనిచేసే చౌక డిస్క్‌లో ఒకవైపు ప్యాడ్ మాత్రమే కదిలి రోటర్‌ను (చక్రంతో తిరిగే ఇనుప బిళ్లను) రెండోదాని మీదికి వంచుతుంది. ప్యాడ్ అరిగేకొద్దీ మాటిమాటికీ బిగించాలి. హైడ్రాలిక్ బ్రేకులో రెండు ప్యాడ్లూ ఆయిల్ ఒత్తిడితో కదులుతాయి, అరుగుదలను దానంతటదే సర్దుకుంటుంది, ఒకటి రెండు వేళ్లతో నొక్కితే చాలు. పొడవైన దిగుడులో చేతులు నొప్పెట్టకపోవడం భద్రతకు సంబంధించిన విషయం. షిమానో ఎంటీ200 లాంటి అడుగు స్థాయి హైడ్రాలిక్ బ్రేకులు కూడా నమ్మకంగా పనిచేస్తాయి. ఫోర్క్ ఒక మెట్టు తగ్గినా సరే, హైడ్రాలిక్ బ్రేకులున్న బండినే ఎంచుకోవడం మంచిది. బరువైన మనిషికి ముందు రోటర్ 160కి బదులు 180 మిల్లీమీటర్లది వేస్తే ఆపే బలం ఎనిమిదో వంతు పెరుగుతుంది, ఫ్రేమ్, ఫోర్క్ ఒప్పుకుంటే ఇది తక్కువ ఖర్చుతో అయ్యే మార్పు. బ్రేకుల్లో కొన్ని మినరల్ ఆయిల్‌తో, కొన్ని డాట్ ఫ్లూయిడ్‌తో నడుస్తాయి. ఒకదానిలో ఇంకొకటి పోస్తే సీళ్లు పాడవుతాయి.

చక్రం సైజు మీద జరిగే వాదనలకు అంత విలువ లేదు. 29 అంగుళాలది గుంటల మీంచి తేలిగ్గా దొర్లుతుంది, 27.5ది చురుగ్గా తిరుగుతుంది, పొట్టివారికి సర్దుకుంటుంది. 26 అంగుళాలకు మాత్రం మంచి టైర్లు, ఫోర్కులు దొరకడం కష్టమవుతోంది కాబట్టి కొత్తది ఆ సైజులో తీసుకోకూడదు.

టైర్లు వేరే సంగతి. ఒకే బండిని రెండు బళ్లుగా మార్చగలిగేవి ఇవే. కంపెనీ బిగించి ఇచ్చే చౌక టైర్ల రబ్బరు గట్టిగా ఉంటుంది, తడి రాయి మీద జారుతుంది. పాతవి అరిగేదాకా ఆగకుండా కనీసం ముందు టైరైనా మంచిది వేసుకుంటే మలుపుల్లో వచ్చే ధైర్యం ఏ ఖరీదైన భాగమూ ఇవ్వదు. 2.2 నుంచి 2.4 అంగుళాల వెడల్పు, మధ్యలో దగ్గరదగ్గరగా చిన్న ముళ్లు, అంచుల్లో పెద్ద ముళ్లు ఉన్న టైరు రోడ్డు మీద అంత బరువనిపించదు, మట్టిలో పట్టు వదలదు. రోజూ రోడ్డు, వారానికోసారి ట్రైలు అయితే రెండు జతలు పెట్టుకోవడం ఇంకా బాగుంటుంది.

గాలి కొట్టడంలో చాలామంది పొరపాటు చేస్తారు. రాయిలా గట్టిగా కొడితే వేగంగా పోతుందనుకుంటారు. గతుకుల దారిలో అలాంటి టైరు ప్రతి రాయికీ ఎగిరి పట్టు పోగొట్టుకుంటుంది. 70 కిలోల మనిషికి ట్యూబున్న 2.3 అంగుళాల టైరులో మట్టిదారికి 25 పీఎస్ఐ అటూ ఇటూ, రోడ్డుకు 35 నుంచి 40 సరిపోతుంది. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్‌కీ మధ్య ట్యూబ్ నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ట్యూబ్‌లెస్ చేసుకుంటే ఆ బాధ పోతుంది, చిన్న ముళ్లకు లోపలి ద్రవమే అతుకు వేస్తుంది. అందుకు రిమ్ ట్యూబ్‌లెస్ రెడీ అయి ఉండాలి, అందుకే కొనేటప్పుడే అది చూసుకోవాలి. లోపలి ద్రవం కొన్ని నెలలకు ఎండిపోతుంది, మళ్లీ పోయాలి.

వాడిన బండి తీసుకుంటే

ఇప్పటిదాకా చెప్పిన టేపర్డ్ ఫ్రేమ్, ఎయిర్ ఫోర్క్, హైడ్రాలిక్ బ్రేకులు కొత్త బండిలో బడ్జెట్‌కు అందకపోతే, రెండు మూడేళ్లు వాడిన మంచి హార్డ్‌టెయిల్‌లో అందుతాయి. తెలిసిన మెకానిక్ తోడుంటే కొత్త చౌక బండి కంటే ఇదే మంచి బేరం. 2010కి ముందువాటి జోలికి మాత్రం వెళ్లకపోవడం మేలు. వాటి కొలతలు పాతవి, విడిభాగాల వెతుకులాట ఎక్కువ.

వెల్డింగ్ అతుకుల దగ్గర, ముఖ్యంగా హెడ్ ట్యూబ్ కింద, సీటు గొట్టం దగ్గర, వెంట్రుకంత పగులు ఉన్నా వదిలేయాలి. రంగు పొంగినా, ముడతలు పడినా అనుమానించాలి. ఫోర్క్ లోపలి గొట్టాల మీద వేలు పెట్టి నిమిరితే గోరుకు తగిలే గీత ఉండకూడదు. అక్కడినుంచి ఆయిల్ కారుతుంది. ఫోర్క్ సర్వీసు ఎప్పుడు చేయించారో అడగాలి. రాక్‌షాక్స్ కంపెనీ ఫోర్క్ కింది కాళ్ల సర్వీసు 50 గంటల వాడకానికోసారి చేయించమంటుంది, ఎప్పుడూ చేయించలేదంటే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనవచ్చు. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపితే టకటకమంటే హెడ్‌సెట్ (హెడ్ ట్యూబ్‌లోని బేరింగులు) వదులైనట్టు, అది చిన్న పని. చక్రాన్ని పక్కకి ఊపితే కదలడం, తిప్పితే గరగరలాడడం హబ్ బేరింగ్ పని.

చైన్‌ను స్కేలుతో కొలవొచ్చు. కొత్త చైన్‌లో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలుంటాయి. అది 12 అంగుళాల పైన పదహారో వంతు దాటితే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు దాకా సాగిపోయి ఉంటే క్యాసెట్, ముందు పళ్లచక్రం కూడా పోయినట్టే లెక్క. మూడింటి ధరా కలిపి బేరమాడాలి. ఫ్రేమ్ అడుగున సీరియల్ నంబరు గీకేసి ఉంటే ఎంత చవకైనా ముట్టుకోకూడదు.

మొత్తం డబ్బంతా బండికే పెట్టేయకుండా హెల్మెట్, పంపు, అదనపు ట్యూబ్, చైన్ ఆయిల్, ఒక అలెన్ కీల సెట్టు కోసం కొంత పక్కన ఉంచుకోవాలి. ఎయిర్ ఫోర్క్ ఉంటే దానికి వేరే షాక్ పంపు కావాలి, టైర్ల పంపు పనికిరాదు. కొత్త బండి మొదటి నెలలోనే స్పోక్స్, కేబుల్స్ కాస్త సాగుతాయి కాబట్టి మొదటి సర్వీసు ఉచితంగా చేసే దుకాణంలో కొనడం, ఇంటికి డబ్బాలో వచ్చే చవక బండి కంటే చాలాసార్లు లాభం. హైడ్రాలిక్ బ్రేకుల ప్యాడ్లు కొత్తవైతే, ట్రాఫిక్ లేనిచోట వేగం అందుకుని పూర్తిగా ఆగకుండా గట్టిగా తగ్గించడం ఇరవై సార్లు చేశాకే వాటి పూర్తి బలం వస్తుంది. గుట్ట ఎక్కే ముందే ఆ పని ముగించుకోవాలి.